సగానికి పది నిమిషాలు

జూన్ 3

కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఐదు నెలలు ఖాళీగా పడి ఉంది. ఎవరికీ చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట దించుకోవాలి కాబట్టి ఇవాళ దుమ్ము దులిపాను.

మొన్న పొద్దున పదిన్నర దాటాక షెడ్డులో రబ్బరు ఉడికించే ఒకటో నంబరు డ్రమ్ము మూత ఎగిరింది. ఎదురుగా మా బావమరిది ఉన్నాడు. షెడ్డులో అందరూ వాణ్ణి రేడియో అంటారు. మిషన్లు ఆగినా వాడి నోరు ఆగదని. పక్కటెముకలు ఐదు విరిగాయి, ఒక ఊపిరితిత్తి చిరిగింది. ఇప్పుడు గొంతులో గొట్టం పెట్టి పడుకోబెట్టారు.

మా ఆవిడ ఆసుపత్రి వరండాలోనే ఉంటోంది. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఈవిడకి పదహారు. వాడికి అక్క అనాలో అమ్మ అనాలో నాకు ఎప్పుడూ తేలలేదు.

డ్రమ్ముల పైన గోడకి ఒక కాగితం అంటించి ఉండేది. "గ్యాసు దిగడానికి 20 నిమిషాలు. ఆ తరువాతే బోల్టులు విప్పాలి." అని. ఆ చేతిరాత నాది.

జూన్ 4

కళ్ళు తెరవలేదు.

జూన్ 5

ఫోర్‌మన్ నా టేబులు దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా ఫైలు కింద దోపాడు. గోడ మీద కాగితమే. మూలల్లో గమ్ముతో పాటు సున్నం పెచ్చు కూడా ఊడి వచ్చింది.

"చూడండి మాస్టారూ, ఇది ఎవరి కంటా పడకముందే పీకేశా. మీరేం కంగారు పడకండి."

ఈ ఫ్యాక్టరీలో నన్ను లెక్కల మాస్టారు అంటారు. కూడికలో తప్పు దొరికితే ఊరుకోను, బోర్డు మీద ఎవరో రాసిన అంకె వంకరగా ఉన్నా దిద్ది గానీ కదలను. ఆ బిరుదు విని లోలోపల మురిసిన రోజులు చాలానే ఉన్నాయి.

"వాడు ఎన్ని నిమిషాలు ఆగాడో ఎవరికి తెలుసు?" అని అడిగాను.

"ఎవరికీ తెలీదు. డ్రమ్ము మీద సుద్దముక్కతో రాసింది, నేల కడిగినప్పుడు దాంతోపాటే పోయింది."

వాల్వు తెరవగానే ఆ టైము డ్రమ్ము ఒంటి మీద సుద్దతో రాయడం మా షెడ్డు అలవాటు. నేల ఎందుకు కడగాల్సి వచ్చిందో అతను చెప్పలేదు.

"మీ బావమరిదే కదా, మీకు తెలీదా వాడి దూకుడు? కాస్త ముందే విప్పేసి ఉంటాడు. పాపం, కావాలని చేసింది కాదుగా."

అతను వెళ్ళాక కాగితం జేబులో పెట్టుకున్నాను. చింపలేదు. చింపాలని అనుకోలేదని మాత్రం రాయలేను.

జూన్ 6

వాల్వు. తప్పు వాల్వుదే అయి ఉండాలి. సగమే తెరుచుకుని ఉంటే గ్యాసు మెల్లగా దిగుతుంది, నా ఇరవై చాలదు. పొద్దుటి నుంచి ఇదే పట్టుకున్నాను.

మధ్యాహ్నం వెళ్ళి చూశాను. ఒకటో డ్రమ్ముకి తాడు కట్టి సీలు వేశారు గానీ వాల్వు చక్రం కనిపిస్తూనే ఉంది. పూర్తిగా తెరిచి ఉంది. వాడు ఏ పనీ సగం చేసే రకం కాదు.

జూన్ 7

అయితే పెద్ద ట్యాంకు. మా డ్రమ్ములో రబ్బరు గొట్టాలు పెట్టి, నైట్రోజన్ నింపి ఉడికిస్తాం. పని అయ్యాక ఆ నైట్రోజన్‌ని గాలిలోకి వదిలెయ్యకుండా వెనక ఉన్న పెద్ద ట్యాంకులోకి పంపి మళ్ళీ వాడుకుంటాం. ఆ ట్యాంకు ముందే నిండి ఉంటే డ్రమ్ములోది అందులోకి పోదు కదా. దొరికింది అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది, వారం రోజుల్లో మొదటిసారి.

ట్యాంకు రిజిస్టరు తెప్పించి చూశాను. ఆ రోజు పొద్దున ట్యాంకు దాదాపు ఖాళీ.

జూన్ 8

రెండో డ్రమ్ము అచ్చు ఒకటో దానిలాంటిదే. అదే సైజు, అదే పైపు, అదే వాల్వు. రెండింటికీ వాడే మా ఒక్క ప్రెషర్ గేజి ఇంకా రిపేరులోనే ఉంది కాబట్టి, పక్క ఫ్యాక్టరీ నుంచి ఒకటి అరువు తెచ్చి బిగించాను. ఫోర్‌మన్ మొహం మాడ్చుకున్నాడు గానీ అడ్డు చెప్పలేదు.

ఎనిమిది కిలోల ప్రెషర్ దాకా నింపి, వాల్వు పూర్తిగా తెరిచి, చేతి గడియారం పట్టుకుని నిలబడ్డాను.

పది నిమిషాలకి మూడున్నర. కాగితం రాసిన రోజు నేను చూసింది కూడా ఇదే. ఎనిమిదిలో సగం కంటే ఎక్కువే పోయింది, పది నిమిషాల్లో. మిగతాది ఇంకో పది లోపే పోతుంది, పైగా కాస్త జాగ్రత్త కూడా కలిసొస్తుంది అనుకుని ఇరవై రాశాను. అంత జాగ్రత్తపరుణ్ణి నేను.

ఇరవై నిమిషాలకి ఒకటింబావు.

ముల్లు సున్నాకి ఆనేసరికి ముప్పై ఆరు.

గ్యాసు పోయేటప్పుడు చుయ్యిమనే చప్పుడు కూడా మోసమే. ఇరవై దగ్గరికి వచ్చేసరికి షెడ్డు రొదలో అది వినిపించదు. లోపల ఏమీ లేదనే అనిపిస్తుంది.

జూన్ 9

లెక్క వేశాను. చదువుకునే రోజుల్లో వేసిన లెక్కే. గ్యాసు ఎంత ఉంటే అంత గట్టిగా తోసుకుని పోతుంది. సగం పోయాక తోసే బలమూ సగమే మిగులుతుంది. కాబట్టి మొదటి సగం పోవడానికి పది పడితే, మిగిలినదాంట్లో సగం పోవడానికి ఇంకో పది. అందులో మిగిలినదాంట్లో సగం పోవాలంటే ఇంకో పది పై చిలుకు. ట్యాంకుతో సమానం అయ్యే వేళకి మరీ నత్తనడక. డ్రమ్ములోనూ ట్యాంకులోనూ మామూలుగా ఉండే గాలి బరువు ఒక కిలో, అది కూడా కలిపి చూడాలి. కలిపితే ఎనిమిది తొమ్మిది అవుతుంది, పది నిమిషాలకి నాలుగున్నర, ఇరవైకి రెండుంబావు, గేజి మాత్రం ఆ ఒకటి తీసేసి చూపిస్తుంది. ముప్పై ఆరే వచ్చింది. గేజీ, కాగితమూ ఒక్క మాట మీద ఉన్నాయి.

ఇది బళ్ళో పిల్లవాడు కూడా వేసే లెక్క. నేను వెయ్యలేదు. పదిని రెండుతో గుణించాను.

మూత వెడల్పు రెండడుగులు. ఒకటింబావు కిలో ప్రెషర్ అంటే మూత మీద మూడు టన్నుల పైన తోపు. ఈ గుణకారం మాత్రం మూడుసార్లు సరిచూశాను.

జూన్ 10

ఏమీ లేదు.

జూన్ 11

కళ్ళు తెరిచాడు. గొట్టం ఉంది కాబట్టి మాట లేదు. రేడియో ఆపేసినట్టు ఉందని నర్సుతో అనబోయి మానుకున్నాను.

మా ఆవిడ వాడి తల నిమురుతూ నాతో అంది, "వీడెందుకు తొందరపడ్డాడండీ? చిన్నప్పుడూ ఇంతే. పాలు చల్లారేదాకా ఆగేవాడు కాదు, మూతి కాల్చుకునేవాడు. ఎన్నిసార్లు తిట్టానో."

వాడు ఆవిడ వైపు చూశాడు. తల అడ్డంగా ఊపబోయాడు, గొట్టం ఊపనివ్వలేదు.

నేను మందుల చీటీ తీసుకుని కిందికి దిగాను.

జూన్ 12

సేఫ్టీ ఆఫీసరు ఎంక్వయిరీకి పిలిచింది. నలభై ఏళ్ళుంటాయి. గొంతు పెంచదు, మాట మాట మధ్య ఆగి మన మొహం చూస్తుంది. ఆ చూపు నాకు పడలేదు.

"ప్రమాదం జరిగేనాటికి డ్రమ్ము గేజి రిపేరుకి వెళ్ళి తొమ్మిది రోజులైందట. అన్ని రోజులూ టైము చూసుకుని తెరుస్తున్నారట. నిజమేనా?"

"నిజమే మేడమ్."

"ఎంతసేపు ఆగాలి?"

"నలభై నిమిషాలు."

ఆవిడ రాసుకుంది. "నలభై ఆగితే ప్రమాదం ఉండదా?"

"ఉండదు. ముప్పై ఆరుకే పూర్తిగా దిగిపోతుంది. కావాలంటే లెక్క చూపిస్తాను."

చూపించాను కూడా. వరసలన్నీ తిన్నగా, అంకెలు గుండ్రంగా. బాగుందని మెచ్చుకుంది.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఎంతసేపు ఆగాలి అని అడిగింది, చెప్పాను. గోడ మీద ఎంత రాశారు అని అడగలేదు.

జూన్ 13

ఇంకోసారి చదివాను నిన్నటిది. అబద్ధం లేదు.

జూన్ 14

ఫోర్‌మన్ భుజం తట్టి, "భలే చెప్పారు మాస్టారూ, నలభై అన్నాక ఇంక మన మీదకి రాదు," అన్నాడు. భుజం కడుక్కోవాలనిపించింది. కడుక్కోలేదు. అతనితోపాటు టీ తాగాను.

షెడ్డులో ఉన్న ఇద్దరు పాత పనివాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. వాళ్ళకి కాగితం సంగతి తెలుసు. తొమ్మిది రోజులూ దాని కిందే పని చేశారు. మరి వాళ్ళకేం కాలేదు. ఎందుకు కాలేదని అడిగాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

"మేం వాల్వు తిప్పేసి క్యాంటీనుకి పోతాం సార్. కబుర్లు చెప్పుకుని వచ్చేసరికి ముప్పావుగంట అవుద్ది. రేడియోగాడు మాత్రం అక్కడే నిలబడేవాడు. రమ్మంటే రాడు. 'మా బావ రాశాడు, టైము చూసుకోవాలి' అనేవాడు."

బద్ధకస్తులు బతికిపోయారు. నన్ను నమ్మి నిలబడినవాడు ఒక్కడే.

జూన్ 15

మొదటి రోజు నుంచి రాయకుండా దాటేస్తున్నది ఒకటి ఉంది. గేజి రిపేరుకి పంపాల్సి వచ్చినప్పుడు ఫోర్‌మన్ పని ఆపుదామన్నాడు. అతనే అన్నాడు, ఇప్పుడు నేను చీదరించుకుంటున్న ఆ మనిషే. "గేజి లేకుండా ఎలా మాస్టారూ, వచ్చేదాకా డ్రమ్ములు పక్కన పెడదాం."

"గేజి ఎందుకయ్యా, టైము నేను చెప్తా," అన్నాను నేను. నలుగురి ముందు అన్నాను. ఆ నలుగురిలో రేడియో కూడా ఉన్నాడు. "అదీ మా బావంటే" అని వాడు ఈల వేశాడు. ఆ ఈల కోసమే అన్నానేమో.

గేజి విప్పి రిపేరుకి పంపక ముందు ఒక్కసారి, పది నిమిషాల దాకా చూశాను. తరవాత ఎవరో ఫోను అంటే లేచి వెళ్ళాను. మిగతా పది నిమిషాలు చూడలేదు. అంతే జరిగింది.

జూన్ 17

గొట్టం తీశారు. మా ఆవిణ్ణి స్నానం చేసి రమ్మని ఇంటికి పంపి నేను కూర్చున్నాను. చెప్పేద్దామనే కూర్చున్నాను. ఇది నిజం.

వాడి గొంతు బొంగురుపోయింది. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటున్నాడు. అయినా మాట్లాడకుండా ఉండలేడు కదా.

"అక్క నన్ను తిడుతోంది బావా, తొందరపడ్డానని. పడలేదు బావా. ఒట్టు. నీ ఇరవై అయ్యాక ఇంకో రెండు ఆగా. గడియారం చూసుకునే ఉన్నా."

ఇరవై రెండు. ఇరవై రెండు నిమిషాలకి ఒక కిలోకి కాస్త తక్కువ. మూత మీద రెండున్నర టన్నుల పైనే. నేను అడక్కుండానే నా బుర్ర ఆ గుణకారం చేసి పెట్టింది.

"మరెందుకు ఎగిరింది బావా? పడుకుని అదే ఆలోచిస్తున్నా. నీ లెక్క తప్పదుగా. అయితే నేనే ఏదో చేసుంటా. బోల్టులు వరస తప్పి విప్పానా? వాల్వు తిప్పడం మర్చిపోయానా? తిప్పినట్టే గుర్తు. ఏం చేశానో నువ్వైతే చెప్పగలవు. చెప్పు బావా, నేనేం తప్పు చేశా?"

"ముందు తగ్గనీరా. తరవాత చూద్దాం," అన్నాను.

"రేపు ఆ మేడమ్ వస్తుందట. ఏం చెప్పను?"

"నీకేం గుర్తుందో అది చెప్పు."

తలూపాడు. కాసేపటికి నిద్ర పట్టింది. వాడు నిద్రపోతున్నప్పుడు చెప్పాను, మొత్తం, పది రెళ్ళు ఇరవై దగ్గర నుంచి. వినపడనంత చిన్నగా చెప్పాను.

రేపు చెప్తాను. మేడమ్ వచ్చేలోపు వెళ్తాను.

జూన్ 18

మీటింగు పెట్టారు. కదలడానికి కుదరలేదు.

కుదరలేదని రాస్తున్నాను గానీ, బావమరిది ఆసుపత్రిలో ఉన్నాడు, వెళ్ళాలి అంటే ఎవరూ వద్దనేవారు కాదు. నేను అనలేదు.

జూన్ 19

జ్వరం. ఊపిరితిత్తిలో చీము చేరిందన్నారు. మళ్ళీ గొట్టం పెట్టారు. డాక్టరు మా ఆవిడతో కాకుండా నాతో మాట్లాడాడు. అలా మాట్లాడితే దాని అర్థం ఏమిటో నాకు తెలుసు.

జూన్ 20

వినపడుతుందా అని నర్సుని అడిగాను. "మత్తులో ఉన్నారు సార్," అంది.

జూన్ 21

పోయాడు. మధ్యాహ్నం రెండూ పది.

జూన్ 26

రాయడానికి ఏమీ లేదనుకున్నాను. ఉంది.

ఇవాళ సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. మడతలు విప్పి చదివింది. నా చేతిరాత ఆవిడకి తెలుసు, మెచ్చుకున్న చేతిరాతే కదా.

"ఇది గోడకి ఉండేదా?"

"ఉండేది. తొమ్మిది రోజులు. నేనే రాశాను, నేనే అంటించాను. అతను ఇరవై రెండు నిమిషాలు ఆగాడు. నేను చెప్పినదానికంటే రెండు ఎక్కువ."

"మరి నాకు నలభై అని ఎందుకు చెప్పారు?"

కాగితం మూలన అంటుకున్న సున్నం పెచ్చుని గోటితో గీకాను. ఆవిడ బీరువా తీసి ఒక ఫైలు నా ముందుకి జరిపింది. రేడియో వాంగ్మూలం. పద్దెనిమిదో తారీకు. వాడు చెప్తుంటే ఆవిడే రాసుకుందట. కింద వాడి సంతకం, చివరి అక్షరం గీత దిగిపోయింది.

"బోల్టులు విప్పడంలో నేనే ఎక్కడో పొరపాటు చేశాను. ఏం చేశానో గుర్తు లేదు. టైము లెక్క మా బావది, అందులో తప్పు ఉండదు. తప్పు నాదే."

"టైము ఎంత అని అడిగాను," అంది ఆవిడ. "మా బావని అడగండి, ఆయన సరిగ్గా చెప్తాడు అన్నాడు. మీరు అప్పటికే చెప్పారుగా, నలభై అని. ఇంకా అడగలేదు నేను. అది నా తప్పు."

"ఇప్పుడు మార్చండి."

"రిపోర్టు పైకి వెళ్ళిపోయిందండీ. మీరు ఇచ్చింది కూడా జత చేసి పంపిస్తాను. కానీ మీ ఫోర్‌మన్ గోడ మీద కాగితమే లేదని సంతకం పెట్టాడు. ఆ ఇద్దరు పనివాళ్ళూ పెట్టారు. చనిపోయినతను తప్పు తనదే అన్నాడు. మీరొక్కరే ఇలా అంటున్నారు, అదీ ఆయన పోయాక, సొంత బావగారు. ఆయన పేరు నిలబెట్టడానికి చెప్తున్నారనుకుంటారు."

"మీరేం అనుకుంటున్నారు?"

"నేను నమ్ముతున్నాను," అంది. "దానివల్ల ఏమీ మారదు."

జూన్ 27

గేజి రిపేరు అయి తిరిగి వచ్చింది. ఫోర్‌మన్ బిగించాడు. అయినా గోడకి ఒక కాగితం కూడా ఉంటే మంచిదని పైవాళ్ళు అన్నారట. "నలభై అని రాసి ఇవ్వండి మాస్టారూ, మీ చేతిరాత అయితే అందరూ నమ్ముతారు."

వేరే ఎవరిచేతైనా రాయించుకోమన్నాను.

రిపోర్టు నకలు నోటీసు బోర్డులో పెట్టారు. కారణం అన్నచోట "కార్మికుని అజాగ్రత్త" అని ఉంది. భోజనానికి వెళ్ళేవాళ్ళు ఆగి చదివి వెళ్తున్నారు.

జూన్ 29

మా ఆవిడకి చెప్పాను. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడి, గేజి, కాగితం, నలభై, రెండో డ్రమ్ము, అన్నీ వరసగా చెప్పాను. లెక్క కూడా చెప్పబోయాను, మొదటి సగానికి పది అని. "లెక్క నాకెందుకు," అంది.

ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. గిన్నె విసిరినా పడదామని నిలబడ్డాను.

"లెక్క తప్పారు. సరే," అంది. "మనుషులు తప్పుతారు. వాడు బతికి ఉంటే వాడే నవ్వేసేవాడు, మా బావకి కూడికలు రావని ఊరంతా టాంటాం వేసేవాడు."

నిజమే. అచ్చంగా అలాగే చేసేవాడు.

"పదిహేడో తారీకు నన్ను ఇంటికి పంపి మీరు కూర్చున్నారుగా. వాడికి మాట వచ్చిన రోజు. వాడేమైనా అడిగాడా?"

ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది.

"నేనేం తప్పు చేశానని అడిగాడు," అన్నాను.

"మీరేమన్నారు?"

"తగ్గాక చూద్దామన్నాను."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. తడి ఏమీ లేదు చేతులకి, అయినా తుడుచుకుంటూనే ఉంది.

"నేను కూడా తిట్టానుగా వాణ్ణి," అంది. "గొంతులో గొట్టం పెట్టుకుని ఉంటే తిట్టాను, ఎందుకు తొందరపడ్డావని. కాదని తలూపబోయాడు, నేను చూశాను. మీరూ చూశారు."

"చూశాను."

"తొందరపడలేదని నాకు చెప్పలేకపోయాడు. ఎందుకు పేలిందో మీరు వాడికి చెప్పలేదు. తప్పు నాదేననుకుంటూ పోయాడు పిచ్చిసన్నాసి."

నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"ఎంతసేపు ఉన్నారండీ ఆ రోజు వాడి దగ్గర? నేను వెళ్ళి వచ్చేదాకా."

"గంటన్నర," అన్నాను.

"గంటన్నర," అంది ఆవిడ.